నాగార్జునకొండ దీవికి బృందంగా వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణానది మీద నాగార్జునసాగర్ జలాశయం నడుమ ఉన్న నాగార్జునకొండకు బడి పిల్లలనో, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలనో, అపార్టుమెంటు ఇరుగుపొరుగులనో కూడగట్టుకొని బస్సు మాట్లాడుకొని వెళ్లడం కొన్నేళ్లుగా నాకు అలవాటు. బయలుదేరే ముందు ఫోనులో అడిగే ప్రశ్నలు, లాంచీలో అడిగే ప్రశ్నలు, తిరుగు ప్రయాణంలో అడిగే ప్రశ్నలు ప్రతిసారీ ఇంచుమించు ఒకటే కావడంతో వాటికి జవాబులను ఒకచోట రాసి ఉంచుతున్నాను.

నాగార్జునకొండ అనేది కొండా, దీవా, బౌద్ధారామమా?

మూడూ నిజమే, కాని మూడూ ఒకే కాలానికి చెందినవి కావు. 1960ల నడిమి దాకా అది కొండే. దాని చుట్టూ మూడు వైపుల నల్లమల గుట్టలు, నాలుగో వైపు కృష్ణ కాపు కాసినట్టున్న లోయ ఒకటి ఉండేది. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో ఆంధ్రదేశాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. శాసనాలు ఈ చోటును శ్రీపర్వతం అని కూడా పేర్కొన్నాయి. రాజభవనం, స్నానఘట్టాలు, దేవాలయాలు, ముప్పైకి పైగా బౌద్ధ విహారాలు (భిక్షువులు నివసించే ఆరామాలు) కొండ కింద లోయ పొడవునా పరచుకొని ఉండేవి. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. జలాశయంలో నీరు నిలవగానే లోయ మొత్తం మునిగిపోయి, కొండ తల మాత్రం దీవిగా మిగిలింది.

కాబట్టి మనం చూడబోయే ఆరామాలు ఏనాడూ దీవి మీద ఉన్నవి కావు, కొండ మీద ఉన్నవీ కావు. కొండ మీద మొదటి నుంచి ఉన్నది మధ్యయుగపు కోట ఒక్కటే. దాని గోడల భాగాలు ఇప్పటికీ కనిపిస్తాయి. విజయపురిని చూడటానికి వెళ్తున్నామని లాంచీ ఎక్కిన బృందానికి నేను మొదట చెప్పే మాట ఏమిటంటే, ఆ నగరం ఎదురుగా కనిపిస్తున్న కొండ మీద లేదు, మన కాళ్ల కింద, లాంచీ అడుగున ఉంది.

అయితే దీవి మీద కనిపించే కట్టడాలు అసలువా, నకళ్లా?

ఇది అందరికంటే బాగా ఆలోచించేవారు అడిగే ప్రశ్న, ఒక్క మాటలో తేలే ప్రశ్న కాదు. లోయ మునుగుతుందని తేలిపోయాక, 1954 నుంచి 1960 వరకు కేంద్ర పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయనంతటినీ తవ్వి చూసింది. పాత రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు గుళ్ల దాకా అక్కడ మనుషులు వదిలి వెళ్లిన ప్రతి పొరనూ నమోదు చేశారు. ఆ తరువాత ముఖ్యమైన 9 కట్టడాలను విడదీసి, నీరు అందని చోటికి తరలించి, మళ్లీ నిలబెట్టారు. మరో 14 శిథిలాలకు పెద్ద నకళ్లు తయారుచేసి జలాశయం తూర్పు ఒడ్డున అనుపు దగ్గర అమర్చారు. మిగిలినవన్నీ నీటిపాలయ్యాయి.

తిరిగి నిలబెట్టిన కట్టడాలను అసలువనే అనాలని నా అభిప్రాయం, కాని ఒక సవరణతో. వాటి కొలతలు, పునాది ఆకారం పాతవే. వాటి చోటు మాత్రం పాతది కాదు. లోయలో ఈ విహారం నుంచి ఆ విహారానికి ఎంత దూరమో, ఏది నదికి దగ్గరో, ఏది విజయపురి కోటగోడకు ఆనుకొని ఉండేదో దీవి మీద నిలబడి చెప్పడం సాధ్యం కాదు. అక్కడ అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఆ లోటును తీర్చేది మ్యూజియంలో ఉన్న లోయ నమూనా. చాలామంది దాన్ని చివర్లో, లాంచీ వేళయిందని ఎవరో కేకలు వేస్తుండగా ఓ చూపు చూసి వచ్చేస్తారు. ముందు చూడవలసింది దానినే.

ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉండేవాడా?

కొండకు ఆయన పేరు ఉంది కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. బౌద్ధంలో మాధ్యమిక దర్శనాన్ని ప్రతిపాదించిన ఆచార్యుడు శాతవాహన రాజుకు మిత్రుడని, చివరి రోజులు శ్రీపర్వతం మీద గడిపాడని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. ఆ శ్రీపర్వతం ఇదేనని నమ్మేవారు ఉన్నారు. అయితే ఇక్కడ దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో మహాయాన ఆచార్యుడైన నాగార్జునుడి ప్రస్తావన లేదు, పైగా ఆ విహారాల్లో ఎక్కువ భాగం ఇతర శాఖల భిక్షువులకు ఇచ్చినవి. గైడులు కొందరు ఆయన కూర్చున్న చోటు, పాఠం చెప్పిన చోటు చూపిస్తూ పోతారు. వినడానికి బాగానే ఉంటుంది, బృందంలో పిల్లలు ఉంటే మాత్రం అది సంప్రదాయమని, శాసనం చెప్పిన విషయం కాదని ఒక మాట చేర్చండి.

ఈ విహారాలను ఎవరు కట్టించారు?

రాజులు కట్టించారని అనుకోవడం సహజం. ఇక్కడ జరిగింది వేరు. ఇక్ష్వాకు వంశ స్థాపకుడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధ యాగాలు చేసినవాడని శాసనాలు పొగుడుతాయి. బౌద్ధానికి పోషణ అంతా అంతఃపుర స్త్రీల నుంచి, వర్తకుల ఇళ్ల నుంచి వచ్చింది. శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ, తన అన్న కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి, అంటే ఇక్కడి ప్రధాన స్తూపానికి, స్తంభాలు నిలిపి దాన్ని పూర్తి చేయించింది. వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్లను పెళ్లాడాడని శాసనాల్లో స్పష్టంగా ఉంది. మేనరికం మన ఇళ్లల్లో ఎంత పాతదో చెప్పడానికి రాతి మీద ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదని మా బృందంలో ఒక పెద్దావిడ అన్నారు, ఆ పూట అందరూ నవ్వుకున్నారు. భట్టిదేవి అనే రాణి బౌద్ధంలో బహుశ్రుతీయ అనే శాఖకు విహారం కట్టించింది. వనవాసి రాజును పెళ్లాడిన కొడబలిశ్రీ మహీశాసక శాఖవారికి కట్టించింది.

నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది రాజకుటుంబానికి చెందని ఉపాసిక (గృహస్థురాలైన బౌద్ధ భక్తురాలు) బోధిశ్రీ శాసనం. చులధమ్మగిరి అనే గుట్ట మీద ఆమె చైత్యగృహం (బౌద్ధుల పూజామందిరం) కట్టించి, కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రమిడ, తామ్రపర్ణి వంటి దేశాల్లో ధర్మాన్ని వ్యాపింపజేసిన సింహళ స్థవిరులకు (పెద్ద భిక్షువులకు) అంకితం ఇచ్చింది. అదే శాసనంలో తాను ఇతర చోట్ల చేసిన దానాల పట్టిక కూడా చెక్కించింది. అందులో వచ్చే కంటకసోల ఈనాటి కృష్ణా జిల్లా ఘంటసాల అని పరిశోధకులు గుర్తించారు. సముద్రం మీద సరుకులు వెళ్లే దారిలోనే భిక్షువులూ వెళ్లారని, ఈ లోయ ఆ దారికి ఒక చివర అని ఆ ఒక్క రాయి చదివితే తెలుస్తుంది.

ఈ చోటును మళ్లీ ఎవరు కనుగొన్నారు?

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అడవిలో నిలిచి ఉన్న ఒక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. పురావస్తు శాఖలో పనిచేసే రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించారు. అదే శాఖకు చెందిన లాంగ్‌హర్‌స్ట్ 1927 నుంచి 1931 వరకు, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. అప్పట్లో లోయలో పుల్లారెడ్డిగూడెం అనే పల్లె ఉండేది. అదీ ఇప్పుడు నీటి కిందే ఉంది.

ఏ ఒడ్డు నుంచి లాంచీ ఎక్కాలి?

దీవి పల్నాడు జిల్లా పరిధిలోకి వస్తుంది. కుడి ఒడ్డున విజయపురి సౌత్ లాంచీ స్టేషన్ నుంచి ఆంధ్రప్రదేశ్ పర్యాటక సంస్థ, ఎడమ ఒడ్డున హిల్ కాలనీ వైపు నుంచి తెలంగాణ పర్యాటక సంస్థ లాంచీలు నడుపుతాయి. గుంటూరు, విజయవాడల నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా వచ్చేవారికి కుడి ఒడ్డు, హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా వచ్చేవారికి ఎడమ ఒడ్డు దగ్గర. హైదరాబాద్ నుంచి దూరం సుమారు 150 కిలోమీటర్లు. రైలులో రావాలంటే దగ్గరి స్టేషన్ మాచర్ల, గుంటూరు నుంచి నడికుడి మీదుగా వస్తుంది.

ఒడ్డు ఎంచుకునేటప్పుడు దూరం ఒక్కటే చూడకండి. అనుపు కూడా చూడాలనుకుంటే అది కుడి ఒడ్డున ఉంది, బుద్ధవనం అనే బౌద్ధ పార్కు చూడాలనుకుంటే అది ఎడమ ఒడ్డున ఉంది. ఆనకట్ట మీదుగా బస్సును పోనివ్వరు, దిగువ వంతెన మీదుగా చుట్టి రావాలి. ఈ సంగతి తెలియని డ్రైవరు అయితే, ఆనకట్ట గేటు దగ్గర ఆగి, వెనక్కి తిప్పి, ఓ అరగంట పోగొడతాడు.

ఏ రోజు వెళ్లాలి?

శుక్రవారం తప్ప ఏ రోజయినా సరే. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఇది రాస్తున్నది చదివి కాదు, అనుభవించి. నా మొదటి బృందయాత్రలో 42 మందిని తెల్లవారుజామున 4 గంటలకు లేపి, మధ్యాహ్నానికి ముందే లాంచీ స్టేషన్‌కు చేర్చాను. కౌంటరు మూసి ఉంది. తాళం వేసిన తలుపు ముందు నిలబడి నేను ఆ రోజు వారం లెక్కపెట్టుకున్నాను. తప్పు పూర్తిగా నాదే. ఆ 42 మందిలో ఇద్దరు ఈనాటికీ నన్ను శుక్రవారం మాస్టారు అనే పిలుస్తారు.

ఆదివారాలు, పండుగ సెలవులు కూడా వీలైతే తప్పించండి. లాంచీలు నిండిపోతాయి, మ్యూజియంలో ఒక శిల్పం ముందు ఒక్క నిమిషం నిలబడే వీలుండదు. మంగళ, బుధవారాలు బృందాలకు అనువైనవి. లాంచీ నిండడానికి సరిపడా జనం ఉంటే తప్ప కదలదు కాబట్టి, మామూలు రోజున మీ బృందమే 30, 40 మంది ఉండటం ఒక విధంగా లాభమే.

ఏ కాలం మంచిది?

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. నీరు నిండుగా ఉంటుంది, ఎండ భరించగలిగినంతే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పల్నాడు ఎండ సంగతి పల్నాడు వారికి చెప్పనక్కరలేదు, ఇతరులకు చెప్పినా అర్థం కాదు. దీవి మీద రాళ్లు కాలుతుంటాయి, జలాశయం కూడా బాగా అడుగంటుతుంది. ఎగువన వానలు పడి శ్రీశైలం నుంచి వరద దిగితే, సాధారణంగా ఆగస్టు నుంచి అక్టోబరు లోపు, సాగర్ గేట్లు ఎత్తుతారు. 26 గేట్ల నుంచి నీరు దూకే దృశ్యం కోసం జనం విరగబడతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే లాంచీలు ఆపివేసే అవకాశం ఎక్కువ. గేట్లు చూడాలా, దీవి చూడాలా అనేది ముందే తేల్చుకోండి. ఒకే ప్రయాణంలో రెండూ కుదరడం అరుదు.

లాంచీ ప్రయాణం ఎంతసేపు, ప్రమాదం ఏమైనా ఉందా?

వెళ్లడానికి ముప్పావు గంట నుంచి గంట వరకు పడుతుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగిన దుర్ఘటన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో బోటు షికార్లన్నీ కొంతకాలం నిలిపివేశారు, తిరిగి మొదలుపెట్టినప్పుడు నిబంధనలు కఠినం చేశారు. గాలి వీచినా, వరద పెరిగినా లాంచీ కదలదు. సిబ్బంది వద్దన్న రోజున బతిమాలకండి. పెద్ద బృందాల నాయకులు మేం ఇంత దూరం నుంచి వచ్చామంటూ ఒత్తిడి చేయడం నేను కళ్లారా చూశాను. ఆ ఒత్తిడికి ఎవరైనా లొంగితే దాని ఫలితం అనుభవించేది ఆ లాంచీలో కూర్చున్నవారే.

లైఫ్ జాకెట్ విషయంలో పట్టుదల చూపండి. జాకెట్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు, బిగించి కట్టుకోవాలి. ఉక్కపోస్తోందని విప్పి ఒళ్లో పెట్టుకునేవారు ప్రతి బృందంలోనూ నలుగురైదుగురు ఉంటారు. వారిలో ఇద్దరు తప్పకుండా అంచున నిలబడి ఫొటో దిగుతారు. బయలుదేరే ముందు బస్సులోనే ఈ సంగతి గట్టిగా చెప్పి, పదిమందికి ఒకరిని బాధ్యులుగా పెట్టడం నా పద్ధతి.

దీవి మీద ఎంత సమయం దొరుకుతుంది? ఏది ముందు చూడాలి?

మామూలుగా గంట, గంటన్నర. తెచ్చిన లాంచీలోనే తిరిగి వెళ్లాలి కాబట్టి దాన్ని పొడిగించడం మీ చేతిలో లేదు. రేవు దగ్గర దిగగానే లాంచీ ఎన్నింటికి బయలుదేరుతుందో సిబ్బందిని అడిగి, దానికి పది నిమిషాలు ముందుకు జరిపి మీ వాళ్లకు చెప్పండి.

చాలా బృందాలు దిగగానే తోటలో చెట్టు కింద సంచులు దించి, చిరుతిళ్లు తిని, ఫొటోలు దిగి, మిగిలిన ఇరవై నిమిషాల్లో మ్యూజియంలో పరుగు పెడతాయి. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. మొదట నేరుగా మ్యూజియంలోకి వెళ్లి లోయ నమూనా చూడండి. అక్కడ ఐదు నిమిషాలు పెడితే తరువాత చూసేది ప్రతిదీ తన చోట కూర్చుంటుంది. తరువాత శిల్పాలకు అరగంట, ఆ తరువాత బయట తిరిగి కట్టిన స్తూపాలు, విహారం, స్నానఘట్టం చూడండి. తోట, చిరుతిండి చివర్లో పెట్టుకుంటే లాంచీ వచ్చేదాకా ఎంతసేపైనా కూర్చోవచ్చు.

బయట చూసేటప్పుడు స్తూపం పునాదిని పైనుంచి చూసినట్టు ఊహించుకోండి. నడుమ ఇరుసు, దాని చుట్టూ ఆకులు, అంచున కమ్మి, మొత్తం బండిచక్రమే. మహాచైత్యం వ్యాసం సుమారు 32 మీటర్లు. అంత పెద్ద దిబ్బను నిండా ఇటుకతో కడితే ఎంత ఇటుక, ఎంత కూలి పడుతుందో ఆలోచించండి. చక్రం ఆకుల్లా గోడలు కట్టి, మధ్య ఖాళీలను మట్టితో నింపారు. ధర్మచక్రానికి గుర్తు అయినట్టూ ఉంటుంది, ఇటుకా కలిసివస్తుంది. కొన్ని చిన్న స్తూపాల్లో ఇరుసు చోట స్వస్తిక ఆకారం ఉంటుంది.

విహారం వరుస కూడా ఒకసారి తెలిస్తే మరిచిపోరు. నడుమ స్తంభాల మండపం, దానికి మూడు వైపులా భిక్షువుల గదులు, ముందు ఎదురెదురుగా రెండు చైత్యగృహాలు ఉంటాయి. వాటి వెనక గోడ ఏనుగు వీపులా వంపు తిరిగి ఉంటుంది. ఒకదానిలో స్తూపం, మరొకదానిలో బుద్ధ విగ్రహం పెట్టేవారు. బుద్ధుణ్ణి గుర్తులతోనే పూజించిన పాత పద్ధతి, విగ్రహంగా పూజించే కొత్త పద్ధతి ఒకే ప్రాంగణంలో ఎదురెదురుగా నిలిచిన కాలమది.

మ్యూజియంలో తప్పకుండా చూడవలసినవి ఏవి?

1966లో ఏర్పడిన ఈ మ్యూజియం భవనాన్నే విహారం పోలికలో కట్టారు. అందరూ నిలువెత్తు బుద్ధుడి దగ్గర ఆగుతారు, అక్కడ ఆగమని చెప్పనక్కరలేదు. నేను మా బృందాన్ని ఆపేది మూడు చోట్ల.

మొదటిది ఆయక స్తంభాలు. స్తూపానికి నాలుగు దిక్కులా వేదిక మీద ఐదేసి స్తంభాలు నిలిపేవారు. అవి బుద్ధుడి జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, తొలి ప్రవచనం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు గుర్తులు. పల్నాటి సున్నపురాయి మీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్న అక్షరాలను దగ్గరగా చూడండి. నిలువు గీతలను చెక్కినవాడు కిందికి, పైకి సాగదీసి, చివర వంపు తిప్పాడు. చేతిరాత బాగున్న గుమాస్తా సంతకం పెట్టినట్టు ఉంటుంది. చాలా శాసనాలు ‘సిధం’ అనే మాటతో మొదలవుతాయి. అక్షరాభ్యాసం నాడు పలక మీద మనచేత దిద్దించిన ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ గుర్తుకు తెచ్చుకోండి. మన ఓనమాల్లో ఉన్న ఆ సిద్ధమే ఇది. ఈ ముక్క చెప్పగానే అప్పటిదాకా గోడకు ఆనుకొని ఉన్న పిల్లలు రాయి దగ్గరికి వచ్చి ఆ అక్షరాలను వేలితో గాలిలో దిద్దడం నేను చాలాసార్లు చూశాను. రాతిని తాకనివ్వకండి, గాలిలో దిద్దనివ్వండి.

రెండవది ఛాయా స్తంభాలు. ఇవి చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపినవి. వీటిలో శాంతమూల మహారాజు కోసం ఆయన తల్లులు, చెల్లెళ్లు, రాణులు కలిసి వేయించినది ఉంది. యుద్ధంలో పోయిన సైనికుల కోసం నిలిపినవీ ఉన్నాయి. మన ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు చూసినవారికి ఇవి కొత్తగా అనిపించవు.

మూడవది రాజభవనం చోట దొరికిన స్తంభాలు. ఒకదాని మీద కుచ్చు టోపీ, పొడవాటి అంగీ తొడిగిన శక సైనికుడు కనిపిస్తాడు. మరొకదాని మీద పానపాత్ర పట్టుకొన్న గ్రీకు దేవుడు డయోనిసస్ వంటి మూర్తి ఉంటుంది. కృష్ణ ఒడ్డున వీళ్లకేమి పని అని అడిగేవారికి జవాబు బోధిశ్రీ శాసనంలో ఉంది, ఇక్కడ దొరికిన రోమను బంగారు నాణేల్లోనూ ఉంది.

సమయం మిగిలితే జాతకకథల (బుద్ధుడి పూర్వజన్మల కథల) ఫలకాల దగ్గర నిలబడి మాంధాత కథను వెతకండి.

బుద్ధుడి ధాతువు (శరీర అవశేషం) ఇక్కడ దొరికిందంటారు, నిజమేనా?

మహాచైత్యం తవ్వినప్పుడు లాంగ్‌హర్‌స్ట్‌కు ఒక చిన్న బంగారు భరిణెలో ఎముక తునక దొరికింది. ఆ భరిణె స్తూపం ఆకారంలో ఉన్న వెండి భరిణెలో ఉంది. మహాచైత్యం బుద్ధుడి ధాతువు మీద కట్టినదని శాసనాల ఆధారంగా పండితులు చెప్పారు. బఠాణీ గింజంత తునక చుట్టూ 32 మీటర్ల చక్రం కట్టారన్నమాట.

అక్కడ ఇప్పుడు భిక్షువులు ఉన్నారా? పూజ చేయవచ్చా?

లేరు. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, నడుస్తున్న ఆరామం కాదు. బౌద్ధులైన యాత్రికులు బుద్ధ విగ్రహం ముందు నమస్కరించి, మౌనంగా కూర్చొని వెళ్తారు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు, కర్పూరం మాత్రం సంచిలోనే ఉంచండి. మసి, కుంకుమ మరకలు రాతిని వదలవు. తిరిగి కట్టిన స్తూపాల గోడల మీద ఎక్కి కూర్చోవడం, పేర్లు గీకడం చేయరాదని పెద్దవారికి కూడా చెప్పవలసి రావడం విచారకరం.

మోకాళ్ల నొప్పులున్నవారు రాగలరా?

రాగలరు, కాని ముందే లెక్క వేసుకోవాలి. లాంచీ ఎక్కడానికి, దిగడానికి మెట్లు ఉంటాయి, నీటిమట్టం తగ్గిన కొద్దీ అవి పెరుగుతాయి. దీవి మీద రేవు నుంచి మ్యూజియం దాకా కొంత ఎత్తుకు నడవాలి. ఊతకర్ర, టోపీ, నీళ్లసీసా ఉంటే డెబ్బై దాటినవారు కూడా నిదానంగా రాగలిగారు. వారిని బృందంలో ముందు నడవనివ్వండి. వెనక ఉంచితే అందుకోవాలనే తొందరలో అలసిపోతారు.

భోజనం సంగతి ఏమిటి?

దీవి మీద ఏదైనా దొరుకుతుందన్న ధీమాతో వెళ్లకండి. నీళ్లు తలా ఒక లీటరు తప్పనిసరి. పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టించుకొని బస్సులో ఉంచి, తిరిగి వచ్చాక ఒడ్డున తినడం ఉత్తమం. దీవి మీదకు బిస్కెట్లు, పండ్లు చాలు. తెచ్చిన కవర్లు, సీసాలు తిరిగి తీసుకురావడానికి ఖాళీ గోనెసంచి ఒకటి వెంట పెట్టుకోండి.

గైడు అవసరమా?

బృందంలో ఒకరు ముందే చదువుకొని వచ్చి చెప్పగలిగితే అంతకు మించినది లేదు. మ్యూజియం ఫలకాలు చదివి వినిపించినా చాలావరకు సరిపోతుంది. గైడును మాట్లాడుకుంటే ఒడ్డునే మాట్లాడుకొని, ఎంతసేపు చెబుతారో ముందే అడగండి. నలభై మందికి ఒక గొంతు వినిపించదు కాబట్టి రెండు జట్లుగా విడిపోయి, ఒక జట్టు లోపల, ఒక జట్టు బయట చూసి తరువాత మారడం మేలు.

అనుపు కూడా చూడాలా?

తప్పకుండా. సమయం చాలకపోతే మిగతావన్నీ వదిలేసి అనుపు చూడమంటాను. కుడి ఒడ్డున, విజయపురి సౌత్ నుంచి కొద్ది దూరంలో, లాంచీ లేకుండానే బస్సులో చేరగలిగే చోటిది. విహారాల నకళ్లతో పాటు అక్కడ క్రీడారంగం ఉంది. నలుచదరపు గొయ్యి, నాలుగు వైపులా మెట్ల వరుసలు, నీరు నిలవకుండా కాలువ కనిపిస్తాయి. కిందికి దిగి మామూలు గొంతుతో మాట్లాడితే పై మెట్టు మీద ఉన్నవారికి స్పష్టంగా వినిపిస్తుంది. మా బృందంలో ఒకసారి రంగస్థల నటుడైన ఒక పెద్దాయన కింద నిలబడి పాండవోద్యోగం పద్యం ఎత్తుకున్నారు. మైకు లేకుండా ఆయన రాగం చివరి దాకా వినడం ఆ రోజు మా అందరి భాగ్యం. పైన హారీతీ దేవి గుడి ఉంది. పిల్లల్ని ఎత్తుకుపోయే యక్షిణి బుద్ధుడి వల్ల మారి పిల్లల్ని కాపాడే తల్లి అయిందని కథ.

ఒకే రోజులో ఇంకేమి చూడవచ్చు?

ఉదయం మొదటి లాంచీ దొరికితే, మధ్యాహ్నం అనుపు, సాయంత్రం ఎత్తిపోతల జలపాతం కుదురుతాయి. ఎత్తిపోతల ఆనకట్టకు సుమారు 11 కిలోమీటర్లు, చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది, కింద మొసళ్ల పెంపకం ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చినవారు అనుపుకు బదులు హిల్ కాలనీలో 2022 మే 14న ప్రారంభమైన బుద్ధవనం చూడవచ్చు. 274 ఎకరాల్లో ఉంది, తీరిక ఉంటేనే వెళ్లండి. దీవి, అనుపు, ఎత్తిపోతల, బుద్ధవనం నాలుగూ ఒకే రోజులో పెట్టిన కార్యక్రమాలు నేను చూశాను. అందులో వచ్చినవారికి గుర్తుండేది బస్సు సీటు మాత్రమే.

ఒడ్డుకు చేరాక లాంచీ రద్దయితే ఏం చేయాలి?

ముందు రోజు సాయంత్రం లాంచీ స్టేషన్‌కు ఫోను చేసి అడగడం మొదటి జాగ్రత్త. అయినా పొద్దున గాలి మారవచ్చు. అప్పుడు టికెట్ డబ్బు తిరిగి తీసుకొని, బస్సును అనుపుకు తిప్పండి. క్రీడారంగం పై మెట్టు మీద కూర్చుంటే జలాశయం, దాని అవతల కొండలు కనిపిస్తాయి. పులిహోర పొట్లాలు అక్కడే విప్పుకోవచ్చు. శుక్రవారం నాడు నా 42 మందితో నేను చేసింది కూడా అదే.